వింతబొమ్మ ఎవరి పక్షం?

అద్భుతం అనే మాట వినగానే మన విమర్శలో ఒక భాగం నొసలు చిట్లిస్తుంది. దయ్యాలు, ఒంటికన్ను రాక్షసులు, మాట్లాడే గొడుగులు భూస్వామ్య సమాజం వదిలిపోయిన చెత్త అని కొందరూ, జనాన్ని జోకొట్టడానికి మార్కెట్టు పోసే మత్తుమందు అని మరికొందరూ తీర్పు చెప్పేసి పక్కకు తప్పుకుంటారు. వాస్తవికతే అభ్యుదయం, వింత అంతా తిరోగమనం అన్న ఈ లెక్క చాలా సులువైనది. సులువైన లెక్కలను చరిత్ర దగ్గరకు తీసుకువెళ్లి సరిచూడక తప్పదు.

ఈ ఆలోచనకు నన్ను పురికొల్పింది మా పేటే. నేనుండేది ఉప్పల్ రింగురోడ్డుకూ నాచారం పారిశ్రామికవాడకూ మధ్య. ఇక్కడ షెడ్డుల్లో పనిచేసే వాళ్ల పిల్లల స్కూలు సంచుల మీదా, నోటు పుస్తకాల అట్టల మీదా జపాను బొమ్మలే. 2005 నుంచి మన దేశంలో టీవీలో వస్తున్న డోరెమాన్, ఆ మరుసటేడు వచ్చిన షిన్‌చాన్ వాళ్లకు ఇంట్లో మనుషుల్లాంటివాళ్లు. కాస్త పెద్దపిల్లల ఫోన్లలో ఇంకా చిత్రమైనవి కనిపిస్తాయి: పళ్లున్న పువ్వులు, కత్తి దాచుకున్న చిన్నపిల్లలు, తల స్థానంలో కనుగుడ్డు ఉన్న మనుషులు. పెద్దవాళ్లు వాటిని పిచ్చిబొమ్మలంటారు. పిచ్చికి కూడా ఒక చరిత్ర ఉంటుంది. ఈ బొమ్మలు మొదట ఎవరి చేతిలో పుట్టాయి, ఎవరు డబ్బిచ్చి కొన్నారు, ఎవరికి కోపం తెప్పించాయి? ఈ ప్రశ్నలు వేస్తే వాటి వరస వేరుగా కనిపిస్తుంది.

జపానులో పదహారో శతాబ్దం నాటి ఒక చుట్టచిత్రం ఉంది. నూరు భూతాల రాత్రి ఊరేగింపు దాని విషయం. అందులో నడిచేవి మనం అనుకునే దయ్యాలు కావు. వీణలాంటి వాద్యాలు, కుండలు, చెప్పులు, గొడుగులు. వాటికి కాళ్లూ చేతులూ మొలిచాయి. దీని వెనక ఒక పాతకథ ఉంది. ఏళ్ల తరబడి ఇంటివాళ్లకు చాకిరీ చేసిన పనిముట్లను సంవత్సరాంతపు శుభ్రం పేరుతో వీధిలో పారేస్తారు. ఇంతకాలం సేవ చేసినదానికి ఇదా ఫలితం అని అవి కోపించి, భూతాలై, యజమానుల మీద పగ తీర్చుకుంటాయి. బౌద్ధ మఠాలు ఈ కథకు చివర ఒక మోక్షం అతికించాయనుకోండి. మోక్షాన్ని పక్కనబెట్టి చూస్తే మిగిలేది వాడుకుని పారేయబడ్డ వాళ్ల ఆగ్రహమే. మూతపడిన ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడిన వాళ్లను చూసిన నాచారం మనిషికి ఈ కథ వివరించి చెప్పనక్కరలేదు.

1776లో తొరియామా సెకియెన్ అనే చిత్రకారుడు ఈ భూతాలను పేరుపేరునా బొమ్మలు వేసి పుస్తకంగా అచ్చువేశాడు. (జపానువాళ్లకు కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడ వాళ్ల పద్ధతే పాటిస్తున్నాను.) అప్పటినుంచి వింత, చుట్టచిత్రం దాచుకోగల ధనికుల ఇళ్లనుంచి బజారుకు వచ్చింది. గీసేవాడు ఒకడు, చెక్క చెక్కేవాడు ఒకడు, రంగద్ది తీసేవాడు ఒకడు, పెట్టుబడి పెట్టి అమ్మేవాడు ఒకడు. నలుగురి చేతిమీదుగా తయారయ్యే అచ్చుబొమ్మను ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మామూలు మనిషి కూడా కొనుక్కోగలిగేవాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. 1841లో షోగున్ ప్రభుత్వంలో ప్రధాన మంత్రి మిజునో తదకుని పొదుపు, నీతి పేరుతో సంస్కరణలు మొదలుపెట్టాడు. నాటకశాలలను ఊరి అంచుకు తరిమారు. చిన్న వృత్తుల మీద, వినోదాల మీద ఆంక్షలు పెట్టారు. 1842లో నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు అచ్చువేయటం నిషేధించారు. అచ్చుబొమ్మల వాళ్లకు కూడు పెట్టేవే అవి. అలాంటి సమయంలో, 1843లో, ఉతగావా కునియోషి అనే బట్టల అద్దకపువాడి కొడుకు మూడు కాగితాల బొమ్మ ఒకటి వేశాడు. విషయం ఎనిమిది వందల ఏళ్ల నాటి పురాణం: యోరిమిత్సు అనే వీరుడు జబ్బుపడి దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటాడు, వెనక పెద్ద సాలెపురుగు భూతం గూడు పరుస్తుంటుంది, కాపలా ఉండవలసిన నలుగురు సేనానులు తమ ధోరణిలో తామున్నారు, వాళ్లలో ఇద్దరికి చదరంగంలాంటి ఆట. వెనక చీకట్లో వందల కొద్దీ వింత భూతాలు జెండాలెత్తి కొట్టుకుంటుంటాయి.

బొమ్మలో ఏ పాలకుడి పేరూ లేదు. అయినా ఎడో జనం దాన్ని చదివేశారు. నిద్రపోయేవాడు షోగున్. సేనానుల్లో ఒకడి బట్టమీద ఉన్న గుర్తు మిజునో వంశానిది. వెనక చీకట్లో ఉన్న ఒక్కొక్క భూతం, ఆంక్షలతో పొట్టకొట్టబడ్డ ఒక్కొక్క వృత్తి. ఏ భూతం ఎవరో తేల్చుకోవటం ఊరందరికీ ఆటయింది. భయపడిన ప్రచురణకర్త బొమ్మలను వెనక్కి తీసుకుని చెక్కలను నాశనం చేశాడు. జనం అడుగుతున్నారు కదా అని నకళ్లు వేసినవాళ్లకు శిక్షలు పడ్డాయి. ఆ ఏడాదే మిజునో పదవి పోయింది. బొమ్మవల్ల పోయిందని నేననను. అయితే పత్రిక లేని, సభ లేని, ఎన్నిక లేని సమాజంలో పాలకుడి మీద ప్రజాభిప్రాయం ఏ రూపంలో వెల్లడయిందో చూడండి. నటుడి ముఖాన్ని ఉన్నదున్నట్టు వేయటమే నేరమయిన రోజున వాస్తవికత నోరు మూసుకోవలసి వచ్చింది, భూతం మాట్లాడింది. కునియోషి దగ్గర పిల్లవాడిగా బొమ్మలు నేర్చిన కవనబే క్యోసై కూడా కప్పలతో, అస్థిపంజరాలతో లోకాన్ని ఎగతాళి చేసినవాడే. 1870లో ఒక విందులో వేసిన వ్యంగ్య చిత్రాలకు జైలుకు వెళ్లాడు.

ఈ సంప్రదాయం ఇరవయ్యో శతాబ్దంలో వీధిలోకి దిగింది. 1930 ప్రాంతంలో, ఆర్థికమాంద్యం రోజుల్లో, ఉద్యోగాలు ఊడినవాళ్లు వేలమంది సైకిలు మీద చెక్కపెట్టె కట్టుకుని బొమ్మలకథలు చెప్పటం మొదలుపెట్టారు. దాన్ని కమిషిబై అంటారు, అంటే కాగితపు నాటకం. వీధి మలుపులో రెండు కర్రముక్కలు టకటకలాడిస్తే పిల్లలు పోగయ్యేవాళ్లు. మిఠాయి కొన్నవాడు ముందు, కొననివాడు వెనక. కథకుడికి బొమ్మలు సొంతం కావు. దళారీ దగ్గర రోజు అద్దెకు తెచ్చుకునేవాడు. ఆ దళారీ కింద బొమ్మకింత అని కూలికి వేసే చిత్రకారులు. పుర్రె ముఖంతో ఎర్ర అంగీ కప్పుకుని ఎగిరే బంగారు గబ్బిలం అనే వీరుడు ఈ కూలి చేతుల్లోనే పుట్టాడు. తర్వాత యుద్ధకాలంలో ప్రభుత్వం ఇదే పెట్టెను తన ప్రచారానికి వాడుకుంది. ప్రజాకళ అనేది దానంతటదే పవిత్రం అనుకునేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మిజుకి షిగెరు ఈ కూలి చిత్రకారుల్లో ఒకడు. 1922లో పుట్టాడు. సైనికుడిగా రబౌల్ ప్రాంతానికి పంపితే మలేరియా పట్టింది, బాంబుదాడిలో ఎడమచెయ్యి పోయింది. అక్కడి పల్లెజనం అన్నంపెట్టి ఆదరించారు. ఇంటికి వచ్చి ఒంటిచేత్తో కమిషిబై బొమ్మలు వేశాడు. టీవీ వచ్చి ఆ వృత్తి కూలిపోతే అద్దె పుస్తకాలకు బొమ్మలకథలు వేశాడు. శ్మశానంలో చచ్చిన తల్లి కడుపునుంచి పుట్టిన ఒంటికన్ను కుర్రవాడు కితారో 1960లో ఆ చవకబారు అద్దె పుస్తకాల్లో ఆయన చేతిమీదుగా వచ్చాడు. వాడి తండ్రి కుళ్లిపోగా మిగిలింది ఒక కనుగుడ్డు; దానికి చిన్న ఒళ్లు మొలిచి కొడుకు జుట్టులో కాపురం ఉంటుంది. ఇది టీవీకి ఎక్కేటప్పుడు శ్మశానం అనే మాట ఉంటే వ్యాపార ప్రకటనలు రావని పేరు మార్చారు. అదే మిజుకి 1973లో, చావమని ఆజ్ఞాపించబడిన ఒక పటాలం కథను కూడా బొమ్మల్లో చెప్పాడు. దయ్యాలు వేసిన చెయ్యీ, యుద్ధాన్ని నిలదీసిన చెయ్యీ ఒకటే. ఆయనకు మిగిలింది కూడా ఆ ఒక్క చెయ్యే.

1964లో నగాయ్ కత్సుఇచి గారో అనే మాసపత్రిక పెట్టాడు. మన పాఠకులకు ఇది చాలా ముఖ్యం. ఆ పత్రిక పెట్టిందే షిరాతో సంపే వ్రాసి గీసిన కముయి గాథ కోసం. షిరాతో తండ్రి ఒకమోతో తోకి 1920ల శ్రామిక చిత్రకళోద్యమంలో ముఖ్యుడు. కొబయాషి తకిజిలాంటి రచయితను పోలీసులు 1933లో హింసించి చంపిన కాలం అది. ఉద్యమం అణగిపోయింది. దాని కొడుకు, మాట వరసకు అన్నా నిజంగా కూడా కొడుకే, కమిషిబై బొమ్మలు వేసి బతికి, చివరకు అంటరాని వాడలో పుట్టిన కముయినీ, తిరగబడే రైతులనూ పెట్టి 1971 దాకా ఆ గాథ నడిపాడు. విశ్వవిద్యాలయాల్లో తిరుగుబాటు చేస్తున్న విద్యార్థులు దాన్ని చదివారు.

అదే పత్రికలో 1968లో త్సుగే యోషిహరు అచ్చువేసిన కథ, షిరాతోకు పూర్తిగా ఎడంగా నిలబడుతుంది. సముద్రంలో ఏదో జీవి కరిచి ఒక కుర్రవాడి ఎడమచేతిలో రక్తనాళం తెగుతుంది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని వైద్యుడికోసం ఊరంతా తిరుగుతాడు. ఎక్కడ చూసినా కంటివైద్యుల బోర్డులే. చివరకు ఒక వైద్యురాలు నాళానికి నీళ్లకుళాయి మరలాంటిది బిగిస్తుంది. మర తిప్పినప్పుడల్లా చెయ్యి తిమ్మిరెక్కుతుంది, అంతే కథ. ఇది కల అన్నారు, అధివాస్తవికత అన్నారు. త్సుగే చిన్నతనంలో లోహాలకు పూతపూసే కార్ఖానాల్లో పనిచేశాడనీ, తర్వాత ఒంటిచేతి మిజుకి దగ్గర సహాయకుడిగా ఉన్నాడనీ తెలిసినప్పుడు నాకు ఆ కుళాయి మర వేరుగా కనిపించింది. మరమ్మతు చేయబడి మళ్లీ పనికి పంపబడే శరీరం అది. ఆసుపత్రి బోర్డులకు లోటులేని మా ఉప్పల్లో అది చదివితే కల అనిపించదు. షిరాతో మంచి అభ్యుదయవాది, త్సుగే వ్యక్తివాది అని విభజించి ఒకరిని ఉంచి ఒకరిని తోసేస్తే గారో అర్థం కాదు. ఇద్దరినీ పక్కపక్కన అచ్చువేయగలగటమే దాని బలం.

మన దగ్గర ఇలాంటిది లేదా? ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు దాటి జనగామలో ఎడమకు తిరిగితే చేర్యాల వస్తుంది. అక్కడి నకాశీలు వేసే పటం మన కమిషిబై. కాకపోతే దానికన్నా చాలా పాతది. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రని నేల మీద వరసలు వరసలుగా కథ వేస్తారు. ముప్పై అడుగులు, ఇంకా పొడవు కూడా ఉంటుంది. దాన్ని వేయించుకునేది కథకులు: పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పటం, ఒక్కొక్క కథకుడికి ఫలానా ఊళ్ల మీద మిరాశీ హక్కు. ఇది కులవ్యవస్థ లోపలి కళ అన్నమాట నిజం. దాన్ని ప్రజాకళ అని ఒక్క మాటతో కీర్తించి ఊరుకోవటానికి వీల్లేదు.

కాని ఆ కులవ్యవస్థలో అట్టడుగున ఉన్న పటాన్ని విప్పండి. జాంబపురాణంలో జాంబవంతుడు భూమికన్నా ముందు పుట్టాడు. దేవతలకన్నా పెద్దవాడు. రామాయణంలో ఎలుగుబంటిగా సేవకు నిలబడినవాడు ఇక్కడ అందరికీ తాత. అంటరానివాడలో నిలబడి, ఊరివాళ్లందరికన్నా మా మూలపురుషుడు పెద్ద అని చెప్పుకోవటానికి వాస్తవిక కథ ఆ రోజున ఏం సాయం చేయగలిగేది? ఎదురుగా ఉన్న వాస్తవమంతా అందుకు విరుద్ధమే కదా. సృష్టికి ముందుకాలానికి వెళ్తే తప్ప ఆ మాట అనటానికి చోటు దొరకలేదు. కునియోషి భూతాల గుంపు చేసిన పనే ఇది కూడా. శ్రీశ్రీ అధివాస్తవికత గురించి చెబితే మనం శ్రద్ధగా విన్నాం, అది పారిస్ నుంచి వచ్చింది. జనగామ రోడ్డున వచ్చినదాన్ని జానపదం అని వేరే అరలో పెట్టాం.

తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు కూడా ఈ వరసలోవాళ్లే. రాముడు, రావణుడు కొలతల ప్రకారం ఉంటారు. వీళ్ల ముక్కు, పొట్ట, నోరు, అన్నీ కొలత తప్పినవే. కొలత తప్పినవాళ్లకే ఊళ్లో పెద్దమనుషులను తిట్టే స్వేచ్ఛ ఉంది.

అచ్చులోకి వచ్చేసరికి మన కథ ఇంకో దారి పట్టింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామ పెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపిన చెయ్యి కొడవటిగంటి కుటుంబరావుది. సంపాదకుడిగా ఆయన పేరు అచ్చులో కనిపించేది కాదు. హేతువాది, మార్క్సిస్టు, 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు ఉపాధ్యక్షుడు. అలాంటి మనిషి నెలనెలా భేతాళుణ్ణి చెట్టుమీదనుంచి దింపించాడు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లో మాంత్రికులకూ, వింతజంతువులకూ చిత్ర, అంటే టి.వి. రాఘవన్, రూపం ఇచ్చాడు. భేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తి పట్టిన విక్రమార్కుడి బొమ్మతో శంకర్ మూడు నాలుగు తరాలకు గుర్తుండిపోయాడు. ఆయన 2020లో చనిపోయాడు. మరి కుటుంబరావు సాహిత్యం మీద వచ్చిన విమర్శలో చందమామకు దక్కిన పేజీలెన్ని? పొట్టకూటి పని అని సరిపెట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఇరవై ఎనిమిదేళ్లు చేసిన పని ఒక రచయిత ఆలోచనకు బయట ఉంటుందని నేను నమ్మను. మా. గోఖలే సంగతీ అంతే. మంచి కథకుడుగా ఆయన్ని గుర్తుపెట్టుకుంటాం. కళాధర్‌తో కలిసి పాతాళభైరవికీ, మాయాబజార్‌కూ కళాదర్శకత్వం చేసి మాంత్రికుడి గుహనూ, ఘటోత్కచుడి కొలువునూ కట్టినవాడు ఆయనేనన్నది సినిమావాళ్ల సంగతిగా వదిలేస్తాం. ఆ పాతాళభైరవిలో తోటరాముడు వేసిన రామారావే తర్వాత మా నాచారంలో స్టూడియో పెట్టాడు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, జపానులో వీధిబొమ్మ వేసిన కూలి చెయ్యే అద్దె పుస్తకంలోకి, అక్కడనుంచి పత్రికలోకి నడిచివచ్చింది. మన దగ్గర నకాశీ చెయ్యి అచ్చులోకి రాలేదు. చందమామ చిత్రకారుల ప్రతిభను తక్కువ చేయటంలేదు. వాళ్ల రాజులు, గుర్రాలు, నగలు, కోటగోడలు చూస్తే ఇప్పటికీ కన్ను తిప్పుకోలేం. కాని ఆ లోకంలో రాక్షసుడు ఎంత వింతగా ఉన్నా చివరకు రాజు సింహాసనం యథాస్థానంలోనే ఉంటుంది. డక్కలి పటంలోని వింతకు ఆ పేజీల్లో చోటు లేదు. 2013 నాటికి ఆ పత్రికా అచ్చు ఆగిపోయింది.

ఈనాటి జపాను వింతను కూడా ఒక్క రాశిగా పోయకూడదు. మురకామి తకాషి 2000లో చదునుతనమే తమ కళా లక్షణమని సిద్ధాంతం చేశాడు. 2003లో ఆయన రంగులు లూయీ విటాన్ చేతిసంచుల మీదికి వెళ్లాయి. అదే మనిషి 2005లో న్యూయార్కులో పెట్టిన ప్రదర్శనకు హిరోషిమా మీద వేసిన బాంబు పేరే పెట్టి, ఈ ముద్దుబొమ్మల వెనక ఓడిపోయి ఎదగటం మానేసిన దేశం ఉందని వాదించాడు. మాట నిజమే కావచ్చు. సంచి ధర మాత్రం తగ్గలేదు. నారా యోషితోమో వేసే పెద్దకళ్ల కోపపు పిల్లల్లో ఒకతె, వెనక కత్తి దాచుకున్నది, 2019లో హాంకాంగ్ వేలంలో దాదాపు రెండున్నర కోట్ల డాలర్లకు పోయింది. అయితే 2012లో ఫుకుషిమా తర్వాత అణువిద్యుత్తుకు వ్యతిరేకంగా టోక్యో వీధుల్లో నడిచినవాళ్ల చేతుల్లో ఉన్నదీ నారా పిల్లే. ఆ పాత బొమ్మను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నాడు. 2013లో జపాను ప్రభుత్వం తన ముద్దుబొమ్మలను ఎగుమతి చేయటానికి ప్రత్యేకంగా నిధి కూడా పెట్టింది. ఒకే బొమ్మ కోసం వేలంశాల, వీధి, ప్రభుత్వం మూడూ పెనుగులాడుతున్నాయి.

మా వైపు పెనుగులాట కూడా లేదు. 2019లో ఉప్పల్ భగాయత్‌లో చిన్న శిల్పారామం తెరిచారు. అలాంటి చోట్ల చేర్యాల ముసుగులు, అరచేతి మందాన చట్రం కట్టిన బొమ్మలు అమ్ముతారు. కథకులు పటాలు కొనటం మానేశాక నకాశీ కుటుంబాలు బతకటానికి వెతుక్కున్న దారి అది, తప్పుపట్టే హక్కు మనకు లేదు. తప్పు కొనేవాళ్ల కోరికలో ఉంది. వాళ్లకు కావలసింది దంచే అమ్మ, నీళ్లు తెచ్చే అమ్మాయి, కల్లు గీసే గౌడు, వినాయకుడు. కొట్లాట లేని ఊరు. భూమికన్నా ముందు పుట్టిన జాంబవంతుణ్ణి డ్రాయింగు రూములో ఎవరు పెట్టుకుంటారు? ముప్పై అడుగుల వాదం ఒక అడుగు అలంకారమయింది. డోరెమాన్ సంచి తగిలించుకున్న పిల్లవాడు ఆ చట్రాల ముందునుంచి ఆగకుండా వెళ్లిపోతే ఆశ్చర్యం లేదు. వాడికి కావలసిన వింతను అందులోనుంచి ముందే తీసేశారు.

1846లో జపానులో ఒక కరపత్రం అమ్మారు. క్యూషూ తీరంలో పొడుగు జుట్టు, పక్షి ముక్కు, పొలుసుల ఒళ్లు ఉన్న జీవి సముద్రంలోంచి లేచి, రోగం వస్తుంది, నా బొమ్మ వేసి జనానికి చూపించండి అన్నదట. బొమ్మ చాలా మొరటుగా ఉంటుంది, పిల్లవాడు గీసినట్టు. ఆ ఒక్క ప్రతి క్యోటో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మిగిలింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎవరో దాన్ని బయటికి తీశారు. వేలమంది తమతమ పద్ధతిలో మళ్లీ గీశారు. ఆరోగ్యశాఖ కూడా దాన్నే ప్రకటనలో పెట్టింది. నకాశీ పటానికి ఆచారం వేరు. చివరన కళ్లు దిద్దినప్పుడు దానికి ప్రాణం వస్తుంది. చిరిగి పనికిరాకుండా పోతే దాన్ని పారేయరు, మనిషికి చేసినట్టే చేసి నదిలో కలుపుతారు. జపాను కథలో పారేసిన పనిముట్లకు జరగని మర్యాద అది. పాత పటం పోతే కొత్తది వేయించుకునే కథకుడు ఉన్నన్నాళ్లు ఈ ఆచారంవల్ల నష్టం లేకపోయింది. ఇప్పుడు పాతవి చూడాలంటే మ్యూజియాలకూ, సొంతంగా సేకరించి దాచుకున్నవాళ్ల ఇళ్లకూ వెళ్లాలి. అక్కడ పటం చుట్టి ఉంటుంది. దాన్ని విప్పి, ఏ బొమ్మ దగ్గర ఏం పాడాలో చెప్పగల డక్కలి ముసలివాళ్లు ఇంకా కొద్దిమంది ఉన్నారు.